మూడేళ్లకు ఎన్నికై ఎనిమిదేళ్లు కూర్చున్న కౌన్సిలర్లు: యుద్ధకాలంలో నగర సభల ఖాళీలు ఎవరు నింపారు?

పాతకాగితాలు
వి.కె. కృష్ణమేనన్ గురించి చదువుతుంటే ఒక చోట లెక్క కుదరలేదు. ఆయన లండన్‌లోని సెయింట్ పాంక్రాస్ బరో (నగరంలో ఒక భాగం) కౌన్సిల్‌కు 1934లో లేబర్ పార్టీ తరఫున ఎన్నికయ్యారు. 1947లో మన హైకమిషనర్ అయ్యేదాకా అక్కడ కౌన్సిలర్‌గానే ఉన్నారు. లండన్ బరోల్లో ఎన్నికలు మూడేళ్లకోసారి. 1934 సరే, 1937 సరే. ఆ తర్వాత 1940, 1943 రావాలి కదా. ఎక్కడ చూసినా 1937 తర్వాత నేరుగా 1945 ఫలితాలే కనిపిస్తున్నాయి.

యుద్ధం వల్ల ఎన్నికలు ఆపారని ఊహించుకోగలను. నన్ను తొలుస్తున్నది అది కాదు. ఎనిమిదేళ్లలో కొందరు కౌన్సిలర్లు చనిపోయి ఉంటారు, కొందరు సైన్యంలో చేరి ఉంటారు, ఇల్లు కూలిపోయి ఊరు వదిలినవాళ్లూ ఉంటారు. ఆ సీట్లన్నీ ఖాళీగానే ఉంచారా? నింపితే ఎవరు నింపారు? తెలిసినవాళ్లు చెప్పండి.

గోదారిగట్టు
బాంబులు పడుతుంటే ఓటు వేయడానికి ఎవరు వస్తారండీ. మైకు పట్టుకుని ప్రచారం మొదలుపెడితే జనం సైరన్ అనుకుని నేలమాళిగలోకి దూరిపోతారు.

లెక్కలమాస్టారు
పాతకాగితాలు గారూ, 1939లో యుద్ధం మొదలయ్యాక బ్రిటిష్ పార్లమెంటు ఒక తాత్కాలిక చట్టం చేసింది. స్థానిక ఎన్నికలు, ఓటర్ల జాబితా తయారీ రెండూ ఆపేశారు. ఆ తాత్కాలికాన్ని పొడిగించుకుంటూ యుద్ధం చివరిదాకా లాక్కొచ్చారు. ఉన్న కౌన్సిలర్లు ఉన్నచోటే ఉంటారు. మధ్యలో సీటు ఖాళీ అయితే ఉప ఎన్నిక ఉండదు, మిగిలిన కౌన్సిలర్లే సమావేశంలో ఒకరిని ఎంపిక చేసి కూర్చోబెడతారు. కో-ఆప్షన్ అన్నమాట.

మీరు లండన్ బరోల లెక్క వేశారు. లండన్ బయటి పట్టణాల్లో పద్ధతి వేరు. అక్కడ ఏటా నవంబరు 1న మూడో వంతు సీట్లకు ఎన్నిక. 1936లో గెలిచినవారి గడువు 1939 నవంబరుకు తీరాలి. ఎన్నికకు కొన్ని వారాల ముందు యుద్ధం వచ్చిపడింది. వాళ్లు 1945 నవంబరు దాకా ఉండిపోయారు, అంటే తొమ్మిదేళ్లు. నగరం మొత్తాన్ని చూసే లండన్ కౌంటీ కౌన్సిల్‌కు 1937 మార్చి తర్వాత మళ్లీ ఎన్నిక 1946 మార్చిలోనే. అదీ తొమ్మిదేళ్లే.

ఎంపిక ఎలా జరిగేదంటే, కన్జర్వేటివ్, లేబర్, లిబరల్ పార్టీలు యుద్ధం ముగిసేదాకా ఒకరి మీద ఒకరు పోటీ పెట్టకూడదని ఒప్పందం చేసుకున్నాయి. అది పార్లమెంటు ఉప ఎన్నికల కోసం చేసుకున్నదే అయినా, కౌన్సిళ్లలోనూ సాధారణంగా అదే మర్యాద నడిచింది. ఏ పార్టీ మనిషి పోతే ఆ పార్టీయే పేరు చెబుతుంది, మిగతావాళ్లు చేతులెత్తుతారు.

సుబ్బలక్ష్మి_కె
పేరు చెప్పేది పార్టీ, చేతులెత్తేది కౌన్సిల్. మరి ఓటరు ఎక్కడున్నాడు?

గోదారిగట్టు
నేలమాళిగలో.

మూడోవార్డు
ఓటరు సంగతి తర్వాత. కనీసం సీట్లో ఒక మనిషి ఉన్నాడు కదా! మా ఊరి పేరు రాయను కానీ, పాలకవర్గం గడువు ముగిశాక మాకు ఏళ్ల తరబడి ప్రత్యేకాధికారి పాలనే. యుద్ధం లేదు, బాంబులు లేవు, కోవిడ్ కూడా అప్పటికి పుట్టలేదు. మా వీధి చివర కల్వర్టు కుంగిపోతే ఎవరికి చెప్పాలో తెలియదు. మాజీ కౌన్సిలర్ దగ్గరికి వెళితే 'నాకిప్పుడు పదవి లేదు బాబూ' అన్నాడు. ఆఫీసుకు వెళితే 'అర్జీ పెట్టండి' అన్నారు. పెట్టాం. ఆ అర్జీ మీద నంబరు వేశారు. ఆ నంబరు ఇప్పటికీ నా దగ్గర ఉంది, కల్వర్టు మాత్రం లేదు.

బ్రిటిష్ వాళ్లు బాంబుల మధ్య కూడా కౌన్సిల్‌ను బతికించుకున్నారు. మనం శాంతికాలంలో చంపేసుకున్నాం. నా ఓటు కో-ఆప్షన్‌కే.

విశాఖ_తీరం
మూడోవార్డు గారు చెప్పినదానికి మా ఊరు చక్కని ఉదాహరణ. విశాఖ మీద నిజంగానే బాంబులు పడ్డాయి, 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు వేశాయి. అదే రోజు కాకినాడ మీద కూడా. అది యుద్ధం. కానీ మహా విశాఖ నగరపాలక సంస్థకు 2007లో ఎన్నికైన పాలకవర్గం 2012లో దిగిపోతే, మళ్లీ ఎన్నిక 2021 మార్చిలో జరిగింది. తొమ్మిదేళ్లు! లెక్కలమాస్టారు గారు చెప్పిన లండన్ కౌంటీ కౌన్సిల్ విరామం ఎంతో ఇదీ అంతే. ఇక్కడ హిట్లర్ ఎవరో నాకైతే తెలియదు. అనకాపల్లి, భీమిలి విలీనాలు, వార్డుల పునర్విభజన, కోర్టు కేసులు, ఇవే.

ఓల్డ్‌సిటీ_నవాబు
తొమ్మిదేళ్లేనా? హైదరాబాద్‌లో 1986లో ఎన్నికైన పాలకవర్గం 1991లో ముగిసింది, తర్వాతి ఎన్నిక 2002లో. మేమే సీనియర్లం.

లెక్కలమాస్టారు
విశాఖ_తీరం గారూ, పోలిక బాగుంది గానీ ఒక తేడా ఉంది. లండన్‌లో తొమ్మిదేళ్లు ఎన్నిక లేదు, కౌన్సిల్ ఉంది. విశాఖలో ఎన్నికా లేదు, కౌన్సిలూ లేదు. ఈ రెండూ ఒకటి కావు.

సుబ్బలక్ష్మి_కె
ఆ తేడా ఎలా ఉంటుందో దగ్గర నుంచి చూశాను కాబట్టి రాస్తున్నాను. ఒక పురపాలక సంఘం కార్యాలయంలో పనిచేసి రిటైర్ అయ్యాను. కౌన్సిల్ ఉన్న రోజుల్లో మీటింగు ముందు రోజు నరకమే. అజెండా ప్రతులు ఇంటింటికీ పంపాలి, సంతకాలు తీసుకోవాలి. మీటింగులో ఒక్కొక్క అంశం చదువుతుంటే ఎవరో ఒకరు లేచి 'ఈ టెండరు ఎవరిది, ఈ రేటేమిటి' అని అడిగేవారు. సగం మంది అడిగేది సొంత లాభానికే, ఒప్పుకుంటాను. అయినా అడిగేవారు. నేను మినిట్స్ పుస్తకంలో 'సభ్యులు అభ్యంతరం తెలిపిరి' అని రాయాల్సి వచ్చేది. ఒక్కొక్క మీటింగుకు పది పన్నెండు పేజీలు నిండేవి.

ప్రత్యేకాధికారి వచ్చాక అదే పుస్తకం, అదే అజెండా. ప్రతి అంశం కింద ఒకే మాట: 'ఆమోదించడమైనది'. కింద ఒకే సంతకం. ఒక్కోసారి రెండు నెలల అజెండా ఒకే మధ్యాహ్నం అయిపోయేది. కాఫీ కూడా తెప్పించే పని లేదు. వచ్చిన అధికారుల్లో మంచివాళ్లు ఉన్నారు, కౌన్సిలర్లకన్నా నిజాయితీపరులూ ఉన్నారు. కానీ అభ్యంతరం అన్న మాట ఆ పుస్తకంలో మళ్లీ కనబడలేదు.

అలాగని మూడోవార్డు గారితో ఏకీభవించను. ఎనిమిదేళ్లు ఓటరు ముఖం చూడనవసరం లేని కౌన్సిలర్ ఎవరికి జవాబు చెబుతాడు? తన సీటును ఇచ్చిన పార్టీకి. అది ప్రత్యేకాధికారి కన్నా మేలే, కానీ 'బతికించుకున్నారు' అనేంత గొప్ప ఏమీ కాదు.

మూడోవార్డు
అభ్యంతరం ఉన్న పుస్తకమే నాకు కావాలి మేడమ్. ఎవరు చెప్పినా సరే.

నిజాంసాగర్
ఒక సందేహం. మన మునిసిపాలిటీల్లో కూడా కో-ఆప్షన్ సభ్యులు ఉంటారు కదా. అది ఇదేనా?

లెక్కలమాస్టారు
కాదండీ. మన దగ్గర కో-ఆప్షన్ సభ్యులు ఎన్నికైనవారికి అదనంగా వస్తారు. రాజ్యాంగంలోని 243ఆర్ ప్రకారం ప్రత్యేక పరిజ్ఞానం, అనుభవం పేరుతో వచ్చినవారికి సమావేశాల్లో ఓటు హక్కు లేదు. యుద్ధకాలపు బ్రిటన్‌లో వచ్చినవాళ్లు పోయినవారి స్థానంలో పూర్తి స్థాయి సభ్యులుగా కూర్చున్నారు.

ఇంకొకటి. ఈ పద్ధతి వాళ్లకు ఆకాశం నుంచి ఊడిపడలేదు. అప్పట్లో అక్కడి కౌన్సిళ్లలో ఆల్డర్మన్ అనే తరగతి ఉండేది. వాళ్లకు జనం ఓటు వేయరు, కౌన్సిలర్లే ఎన్నుకుంటారు, ఆరేళ్ల పదవి. లండన్ బయటి పట్టణాల్లో ముగ్గురు కౌన్సిలర్లకు ఒక ఆల్డర్మన్ చొప్పున ఉండేవారు. అంటే యుద్ధం లేనప్పుడు కూడా సభలో నాలుగో వంతు మంది జనం ఓటుతో వచ్చినవారు కారు. అది 1970లలో గానీ పోలేదు. అలవాటైన పద్ధతినే యుద్ధంలో మరి కాస్త విస్తరించారు.

గోదారిగట్టు
నాకు అర్థం కానిది వేరే ఉంది. చర్చిల్ ఉన్న పార్లమెంటుకు యుద్ధంలో కూడా ఉప ఎన్నికలు జరిగాయని ఎక్కడో చదివాను. ఎంపీకి జరపగలిగినవాళ్లు వార్డు కౌన్సిలర్‌కు జరపలేరా? పార్లమెంటు నియోజకవర్గమే పెద్దది కదా.

లెక్కలమాస్టారు
అసలు ప్రశ్న ఇదే. 1935లో ఎన్నికైన పార్లమెంటు తన గడువును ఏడాదికొకసారి తానే పొడిగించుకుంటూ 1945 దాకా ఉంది. కానీ ఎంపీ చనిపోతే ఉప ఎన్నిక జరిగేది. ఓటర్ల జాబితా మాత్రం చాలాకాలం యుద్ధానికి ముందుదే. 1939లో పద్దెనిమిదేళ్ల కుర్రవాడు మధ్యధరా సముద్రంలో ఓడ మీద పోరాడుతూ 21 ఏళ్లు నిండించుకున్నా జాబితాలో అతని పేరు ఉండదు.

ఆ ఉప ఎన్నికల్లో పెద్ద పార్టీలు పోటీ పెట్టుకోలేదు కాబట్టి స్వతంత్రులు, 1942లో పుట్టిన కామన్‌వెల్త్ పార్టీ వాళ్లు నిలబడి కొన్ని సీట్లు ఎగరేసుకుపోయారు. 1943లో ఎడిస్‌బరీ, 1944లో స్కిప్టన్, 1945లో చెమ్స్‌ఫర్డ్. జనం కోపం ఎంత ఉందో ప్రభుత్వానికి అలా తెలిసేది. కౌన్సిళ్లకు ఆ దారి మూసేశారు. కారణాలు చెప్పుకున్నారు: పట్టణ గుమాస్తాలు రేషను పుస్తకాలతో, పిల్లల తరలింపుతో తలమునకలుగా ఉన్నారు, సగం వార్డు ఇంకో జిల్లాలో తలదాచుకుంటోంది, రాత్రి దీపాలు వెలిగించకూడదు. అన్నీ నిజాలే. కానీ అవే ఇబ్బందులు ఎంపీ ఎన్నికకూ ఉన్నాయి.

పాతకాగితాలు
దీనితో మేనన్ కథలో ఇంకో ముడి విడింది. ఆయన్ను డండీ నుంచి పార్లమెంటు అభ్యర్థిగా లేబర్ పార్టీ ఎంచుకుంది. 1940లో ఆ అభ్యర్థిత్వం తీసేసింది, కమ్యూనిస్టులకు దగ్గరగా ఉన్నాడని, భారత స్వాతంత్ర్యం గురించి మరీ గట్టిగా మాట్లాడుతున్నాడని. కొన్నాళ్లు పార్టీకి దూరంగా కూడా ఉన్నారు. మామూలు రోజులైతే వచ్చే బరో ఎన్నికలో టికెట్టు ఉండేది కాదు, కథ ముగిసేది. ఎన్నికే లేదు కాబట్టి సెయింట్ పాంక్రాస్ సీటు అలాగే ఉంది. ఆ కాలంలో ఆయన వైమానిక దాడుల వార్డెన్‌గా కూడా పనిచేశారు. గ్రంథాలయాల కమిటీ పని కూడా బాగా చేశారని పేరు. 1955లో ఆ బరో ఆయనకు గౌరవ పౌరసత్వం ఇచ్చింది, అంతకుముందు బెర్నార్డ్ షాకు ఇచ్చారు.

అంటే సుబ్బలక్ష్మి గారు అన్నట్టు ఓటరు ముఖం చూడనవసరం లేకపోవడం పార్టీ ముఖం చూడనవసరం లేకపోవడం కూడా అయింది, ఒక్కోసారి.

సుబ్బలక్ష్మి_కె
ఒక మేనన్‌కు మేలు జరిగిందని పద్ధతి మంచిదైపోదు.

ఎడిసన్_రావు
అందరూ లండన్ దగ్గరే ఆగిపోయారు. యుద్ధంలో ఎన్నికలు ఆపని నగరం ఒకటి నాకు నది అవతల ఉంది. న్యూయార్క్ నగర సభకు 1941లో, 1943లో, 1945లో ఎన్నికలు జరిగాయి. అప్పట్లో అక్కడ ఓట్ల నిష్పత్తిలో సీట్లు ఇచ్చే దామాషా పద్ధతి ఉండేది, 1937 నుంచి. విచిత్రం ఏమిటంటే సభ్యుల సంఖ్య ముందే నిర్ణయం కాదు. ప్రతి బరోలో పోలైన ప్రతి 75,000 ఓట్లకు ఒక సభ్యుడు. ఓటర్లు ఎక్కువ వస్తే సభ పెరుగుతుంది, తగ్గితే సభ చిన్నదవుతుంది. 1941లో 26 మంది. 1943లో కుర్రవాళ్లు సైన్యంలో ఉన్నారు, ఓట్లు పడిపోయాయి, సభ 17కు కుంచించుకుపోయింది. 1945లో మళ్లీ 23.

సైనికుడు ఊళ్లో లేకపోతే అతని కుర్చీ కూడా సభలో ఉండదన్నమాట. ఖాళీని నింపాలా వద్దా అన్న గొడవే రాదు.

గోదారిగట్టు
ఇది మన దగ్గర పెడితే ఎండాకాలం ఎన్నికల్లో మేయర్ ఒక్కడే మిగులుతాడు.

ఎడిసన్_రావు
నవ్వకండి, అసలు కథ ఇంకా ఉంది. 1941లో బ్రూక్లిన్ నుంచి పీటర్ కాకియోనే అనే కమ్యూనిస్టు గెలిచాడు. 1943లో మన్‌హట్టన్ నుంచి, హార్లెమ్‌కు చెందిన బెంజమిన్ డేవిస్ అనే నల్లజాతి కమ్యూనిస్టు గెలిచాడు. రష్యా అప్పుడు మిత్రదేశం కదా, ఎవరూ పెద్దగా గోల చేయలేదు. యుద్ధం అయిపోయింది, గాలి మారింది. 1947 నవంబరులో దామాషా పద్ధతిని రద్దు చేస్తూ ప్రజాభిప్రాయ సేకరణలో తీర్పు వచ్చింది. అదే వారంలో కాకియోనే గుండెపోటుతో చనిపోయాడు.

ఇప్పుడు ఖాళీ వచ్చింది. అప్పటి నిబంధన ప్రకారం చనిపోయిన సభ్యుడి పార్టీకి చెందినవాడితో సభ ఆ సీటు నింపాలి. పార్టీ సైమన్ గెర్సన్ అనే అతని పేరు ఇచ్చింది. సభ నింపలేదు. కమ్యూనిస్టు పార్టీకి చట్టప్రకారం గుర్తింపు ఉందా లేదా అని వాదనలు నడిపి నడిపి, చివరికి గెర్సన్‌ను కూర్చోనివ్వలేదు. ఇక డేవిస్‌ను 1949లో సభ నుంచే బహిష్కరించారు, ప్రభుత్వాన్ని బలంతో కూలదోయాలని ప్రచారం చేయడాన్ని నేరంగా చూసే స్మిత్ చట్టం కింద శిక్ష పడిందని.

లెక్కలమాస్టారు గారు చెప్పిన 'ఏ పార్టీ మనిషి పోతే ఆ పార్టీ పేరు' అన్న మర్యాద ఎంత పలచనిదో చూడండి. నచ్చని పార్టీ అయితే మర్యాద ఉండదు. ఇక్కడ నిబంధనే ఉంది, అయినా లేదు.

మూడోవార్డు
కాబట్టి నియమం రాసిపెట్టినా నింపేవాడి చేతిలోనే ఉంటుందంటారు. మరి మీ ప్రకారం ఏది మంచిది?

ఎడిసన్_రావు
ఉప ఎన్నిక. ఎంత కష్టమైనా. వేరే మాట లేదు.

స్టెతస్కోపు
ఎడిసన్_రావు గారూ, యుద్ధం మధ్యలో ఉప ఎన్నిక అనేది దూరం నుంచి చెప్పడం తేలిక. నేను ఉక్రెయిన్‌లో వైద్యం చదివాను, 2022 ఫిబ్రవరి 24 ఉదయం అక్కడే ఉన్నాను. మేం సరిహద్దు దాటేసరికి మా హాస్టల్ ఉన్న వీధిలో సగం మంది ఊళ్లో లేరు. ఎవరు ఎక్కడున్నారో ఎవరికీ తెలియదు. ఓటర్ల జాబితా అంటే ఇంకేముంది?

అక్కడ సైనిక చట్టం అమల్లో ఉన్నంతకాలం అధ్యక్ష, పార్లమెంటు, స్థానిక ఎన్నికలు ఏవీ జరపకూడదని చట్టంలోనే ఉంది. చివరి స్థానిక ఎన్నికలు 2020 అక్టోబరు 25న. అయిదేళ్ల గడువు 2025 అక్టోబరుకు అయిపోయింది, ఎన్నిక లేదు, ఉన్నవాళ్లే నడుపుతున్నారు.

ఖాళీల సంగతి ఆసక్తికరంగా ఉంటుంది. పదివేలు, అంతకు మించి ఓటర్లున్న చోట పార్టీ జాబితాల పద్ధతి. ఒక సభ్యుడు రాజీనామా చేసినా, చనిపోయినా, అదే పార్టీ జాబితాలో తర్వాత ఉన్న మనిషి వస్తాడు. ఎన్నిక అక్కర్లేదు, కౌన్సిల్ చేతులెత్తనూ అక్కర్లేదు, 2020లో ఓటర్లు వేసిన ఓట్లే పనికొస్తాయి. అదే చిన్న ఊళ్లలో అభ్యర్థిని నేరుగా ఎన్నుకునే పద్ధతి. అక్కడ సీటు ఖాళీ అయితే ఉప ఎన్నికే దారి, ఉప ఎన్నిక నిషిద్ధం. కుర్చీ ఖాళీగానే ఉంటుంది. ఖాళీలు పెరిగితే కోరం (సమావేశానికి కావలసిన కనీస సంఖ్య) చిక్కు. యుద్ధరేఖకు దగ్గరగా ఉన్న చాలా చోట్ల కౌన్సిల్ అధికారాలను సైనిక పరిపాలన విభాగాలకు అప్పగించారు. అది మూడోవార్డు గారి ప్రత్యేకాధికారికి యూనిఫాం వేసినట్టే.

మేయర్ సీటు ఖాళీ అయితే కౌన్సిల్ కార్యదర్శి తాత్కాలిక మేయర్ అవుతాడు. ఈ కార్యదర్శి ఉద్యోగి కాదు, సభ్యుల్లో ఒకడే. లంచం కేసులో మేయర్ అరెస్టయిన సూమీలో, కోర్టు తీర్పుతో మేయర్ పదవి పోయిన చెర్నిహివ్‌లో అదే జరిగింది. తాత్కాలికం అనుకున్నది ఏళ్లు సాగుతోంది.

నిజాంసాగర్
మేయర్‌ను ఎత్తుకెళ్లారని వార్తల్లో చూశాను, అదెక్కడ?

స్టెతస్కోపు
మెలిటోపోల్. ఇవాన్ ఫెడోరోవ్. 2022 మార్చి 11న రష్యా సైనికులు తలకు సంచి తొడిగి తీసుకెళ్లారు, అయిదు రోజుల తర్వాత యుద్ధఖైదీల మార్పిడిలో విడుదలయ్యాడు. ఈలోగా ఆక్రమించినవాళ్లు తమకు అనుకూలంగా ఉన్న ఒక కౌన్సిల్ సభ్యురాలిని మేయర్ కుర్చీలో కూర్చోబెట్టారు. ఖాళీ నింపడంలో ఇది మరో పద్ధతి, ఎవరూ ఓటు పెట్టి చర్చించరు.

సుబ్బలక్ష్మి_కె
స్టెతస్కోపు గారు చెప్పిన జాబితా పద్ధతి నాకు అన్నిటికన్నా నచ్చింది. కనీసం ఓటరు ఎప్పుడో ఒకప్పుడు వేసిన ఓటుతో పని నడుస్తోంది.

లెక్కలమాస్టారు
నిషేధానికి గురైన పార్టీ జాబితా అయితే? అక్కడ 2022లో రష్యా అనుకూల పార్టీలను నిషేధించారు. జాబితా చెల్లుతుందా అని ఎడిసన్_రావు గారి న్యూయార్క్ ప్రశ్నే మళ్లీ వస్తుంది.

నిజాంసాగర్
మా ఊరివాళ్లు చాలా మంది ఇజ్రాయెల్‌లో వృద్ధుల సేవ పనుల్లో ఉన్నారు, మా అన్నయ్య కూడా. అక్కడ 2023 అక్టోబరు 31న పురపాలక ఎన్నికలు జరగాలి. యుద్ధం వచ్చింది. మొదట జనవరి 30కి, ఆపైన 2024 ఫిబ్రవరి 27కు వాయిదా వేసి జరిపేశారు. జనాన్ని ఖాళీ చేయించిన సరిహద్దు ఊళ్లకు మాత్రం నవంబరులో. సైనికులకు శిబిరాల్లోనే ఓటు పెట్టెలు. అంటే ఎడిసన్_రావు గారి మాట పూర్తిగా గాలి మాట కాదు.

స్టెతస్కోపు
రెండు దేశాల పరిస్థితి ఒకటి కాదండీ. ఒక చోట దేశంలో అయిదో వంతు శత్రువు చేతిలో ఉంది, లక్షల మంది విదేశాల్లో ఉన్నారు. మరో చోట కొన్ని సరిహద్దు ఊళ్లు ఖాళీ అయ్యాయి.

నిజాంసాగర్
నేనూ అదే అంటున్నాను. ఖాళీ అయిన ఊళ్లకే వాయిదా వేశారు, దేశమంతటికీ కాదు. ఉక్రెయిన్ పడమటి జిల్లాల్లో ఎందుకు కుదరదు?

స్టెతస్కోపు
పడమటి ఊళ్ల మీద కూడా క్షిపణులు పడుతూనే ఉన్నాయి. పోలింగు కేంద్రం బయట వరుసలో నిలబడ్డ వందమందికి ఎవరు పూచీ?

మోడరేటర్
ప్రస్తుత యుద్ధాల మీద వాదన వేరే విభాగంలో పెట్టుకోండి. ఇక్కడ నగర సభల సంగతి సాగనివ్వండి.

పాతకాగితాలు
యుద్ధం ముగిశాక ఏమైందో ఎవరూ రాయలేదు. ఎనిమిదేళ్ల తర్వాత తలుపు తెరిస్తే ఏం కనబడింది?

లెక్కలమాస్టారు
1945 జూలైలో అట్లీ గెలుపు అందరికీ తెలుసు. నవంబరు 1న పట్టణ ఎన్నికల్లోనూ లేబర్ గాలే వీచింది. దీని వెనుక ఒక సంగతి పెద్దగా ఎవరూ చెప్పరు. యుద్ధానికి ముందు స్థానిక ఎన్నికల్లో ఓటు ఇల్లు లేదా స్థలం సొంతంగానో అద్దెకో తన పేరున ఉన్నవారికి, వారి జీవిత భాగస్వామికి మాత్రమే. తల్లిదండ్రుల ఇంట్లో ఉండే ఇరవై అయిదేళ్ల కొడుకుకు, సామానుతో సహా గది అద్దెకు తీసుకుని ఉండే కార్మికురాలికి పార్లమెంటు ఓటు ఉంటుంది గానీ కౌన్సిల్ ఓటు ఉండదు. 1945లో ఆ గోడ తీసేసి పార్లమెంటు ఓటర్లందరికీ స్థానిక ఓటు ఇచ్చారు. అంటే 1938లో కౌన్సిల్‌ను ఎన్నుకున్న జనం వేరు, 1945లో ఎన్నుకున్న జనం వేరు. మధ్యలో కో-ఆప్షన్‌తో వచ్చినవాళ్లు ఈ కొత్త ఓటర్లలో ఎందరికి తెలుసు?

మొదటి ప్రపంచయుద్ధంలోనూ ఇంతే, ఇంకా రసవత్తరంగా. లండన్ బరోలకు 1912 తర్వాత ఎన్నిక 1919 నవంబరులో. తూర్పు లండన్‌లోని పాప్లర్‌లో లేబర్‌కు 42 సీట్లలో 39 వచ్చాయి. జార్జ్ లాన్స్‌బరీ మేయర్ అయ్యాడు. రేవు కూలీలు, రైల్వే కార్మికులు, గృహిణులు కౌన్సిలర్లు. పేద బరోల మీదే పేదల పోషణ భారం పడుతోందని, 1921లో వాళ్లు నగరస్థాయి సంస్థలకు కట్టాల్సిన పన్ను వాటా వసూలు చేయడానికి నిరాకరించారు. కోర్టు ధిక్కారం కింద 30 మంది జైలుకు వెళ్లారు. మగవాళ్లు బ్రిక్స్‌టన్ జైలులో, ఆడవాళ్లు హాలోవే జైలులో. కౌన్సిల్ సమావేశాలు ఆగలేదు. బ్రిక్స్‌టన్ జైలులోనే జరిపారు, హాలోవే నుంచి మహిళా కౌన్సిలర్లను మోటారు కారులో తీసుకొచ్చి కూర్చోబెట్టేవారు. ఆరు వారాలకు ప్రభుత్వం దిగొచ్చింది. పేద బరోల భారాన్ని ధనిక బరోలు పంచుకునేలా చట్టం మారింది. లాన్స్‌బరీ కోడలు మిన్నీ కూడా జైలుకు వెళ్లిన కౌన్సిలరే. విడుదలైన కొద్ది నెలలకే న్యుమోనియాతో చనిపోయింది, 32 ఏళ్లకు.

ఏడేళ్లు ఎన్నిక లేకుండా పాతవాళ్లతో, వాళ్లు ఎంచుకున్నవాళ్లతో నడిచిన సభ స్థానంలో ఇలాంటి సభ వచ్చింది.

గోదారిగట్టు
జైలులో కోరం సమస్య ఉండదు లెండి. ఎవరూ మధ్యలో లేచి వెళ్లలేరు.

సుబ్బలక్ష్మి_కె
మినిట్స్ రాసే గుమాస్తాను తలుచుకుంటే జాలేస్తోంది. సంచీలో పుస్తకం పెట్టుకుని జైలు గేటు దగ్గర తనిఖీకి నిలబడాలి.

ఎడిసన్_రావు
అదే 1919లో అట్లీ స్టెప్నీ బరోకు మేయర్ అయ్యాడు. తమాషా ఏమిటంటే ఆ బరో ఎన్నికలో ఆయన పోటీయే చేయలేదు. గెలిచినవాళ్లు బయటి నుంచి పిలిచి మేయర్‌ను చేశారు. సుబ్బలక్ష్మి గారి లెక్కలో ఇదీ ఓటరు ముఖం చూడని పదవే.

సుబ్బలక్ష్మి_కె
అవును, ఇదీ అదే. తర్వాత ప్రధాని అయ్యాడని మినహాయింపు ఇవ్వను.

మూడోవార్డు
ఇవన్నీ చదివాక కూడా నా మాట మారలేదు. కో-ఆప్షన్‌లో లోపాలు ఉన్నాయి, సరే. కానీ పాప్లర్‌లో జనం కోపం తీర్చుకోవడానికి ఒక కౌన్సిల్ ఉంది, అందులో సీట్లున్నాయి, తేదీ రాగానే గెలుచుకున్నారు. మన రాజ్యాంగంలో 243యు ఉంది. అయిదేళ్ల గడువు తీరకముందే కొత్త ఎన్నిక పూర్తి కావాలని స్పష్టంగా రాసి ఉంది. 2006లో కిషన్‌సింగ్ తోమర్ కేసులో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది, వార్డుల విభజన, జాబితాల సవరణ సాకులు చెప్పవద్దంది. ఆ తీర్పు తర్వాతే విశాఖలో తొమ్మిదేళ్లు గడిచాయి. బ్రిటిష్ వాళ్లు వాయిదాకు పార్లమెంటులో చట్టం చేయాల్సి వచ్చింది, పొడిగించిన ప్రతిసారీ మళ్లీ అక్కడికే వెళ్లాలి. మన దగ్గర పొడిగింపుకు ఒక జీవో చాలు.

లెక్కలమాస్టారు
ఈ మాటకు మాత్రం నేను చేయి ఎత్తుతాను. ప్రత్యేకాధికారి గడువు ఆరు నెలలకోసారి పొడిగిస్తూ వచ్చే జీవోలు ఎవరైనా వరుసగా పేర్చితే చూడాలని ఉంది.

విశాఖ_తీరం
మా దగ్గర కొన్ని పత్రికా కత్తిరింపులు ఉన్నాయి, వెతికి పెడతాను. ఇంకో సంగతి, 1939-45 మధ్య మన మద్రాసు రాష్ట్రం పురపాలక సంఘాల్లో ఏం జరిగిందో ఎవరికైనా తెలుసా? శాసనసభ సంగతి తెలుసు: 1939 చివర్లో కాంగ్రెస్ మంత్రివర్గం రాజీనామా, గవర్నర్ పాలన, 1946లో ఎన్నికలు. ఢిల్లీలో కేంద్ర శాసనసభ 1934లో ఎన్నికైంది 1945 దాకా సాగింది. మునిసిపాలిటీల గురించి మాత్రం నాకేమీ దొరకలేదు.

పాతకాగితాలు
చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో అప్పటి మద్రాసు స్థానిక స్వపరిపాలన శాఖ జీవోలు ఉంటాయి. వచ్చే నెల అటు వెళ్లే పని ఉంది. విశాఖ, కాకినాడ, బెజవాడ పురపాలక సంఘాల పేర్లతో సూచికలు చూసి వస్తాను. ఇంకేదైనా ఊరు కావాలంటే ఇక్కడే రాయండి.

ఓల్డ్‌సిటీ_నవాబు
హైదరాబాద్ అక్కడ దొరకదు కదా, మాది నిజాం రాజ్యం. మా సంగతి తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో చూడాలి. ఫర్మానాలు ఉర్దూ, పార్శీల్లో ఉంటాయి, చదివేవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

గోదారిగట్టు
రాజమండ్రి రాసుకోండి.

మూడోవార్డు
గుంటూరు కూడా.